వెనక తలుపు

నాలుగుకి మూడు ఓట్లు. అంతే.
మంగళవారం రాత్రి నగరసభలో ఖాయమైంది:
తనిఖీకి డెబ్భై అయిదు డాలర్లు,
మళ్ళీ రావలసొస్తే నూట పది.

"నిప్పుక్కూడా రసీదా?" అన్నాడు వావ్రా,
మోచేతుల దాకా పిండి, మీసానికీ పిండి.
లోర్నా నవ్వలేదు.
ఈ బేకరీ పొగలోంచే ఒకసారి
అతని తమ్ముణ్ణి భుజాన వేసుకొచ్చింది.
అప్పుడు బిల్లు లేదు.
ఇప్పుడు చంకలో రసీదు పుస్తకం,
పరాయి బిడ్డని ఎత్తుకున్నట్టు.

మంటలార్పే సిలిండర్ ముల్లు పచ్చలోనే ఉంది. సరే.
వెనక తలుపుకి అడ్డంగా పదహారు మైదా బస్తాలు.
ఆమె ఏమీ అనలేదు. పెన్ను తియ్యలేదు.
గొణుక్కుంటూ ఒక్కొక్కటే జరిపాడు.

గడియ లాగితే
నెబ్రాస్కా మంచు గుమ్మం దాటి లోపలికొచ్చింది.
సందులో, తను మరిచేపోయిన మెట్టు.

చెక్కు మీద 'దేనికి' అన్న చోట
కాసేపు ఆగి, రాశాడు:
తలుపుకి.