వందకు రెండు

మిరుగు తెల్లారి బాలానగర్ సంతల
సైకిలెనుక వైరు గంపల
గులాబీ, పచ్చ, ఊదా రంగు పిల్లలు,
పది రూపాయలకొకటి.
నా కొడుకు రుషి గులాబీది తెచ్చిండు
అంగి జేబుల పెట్టుకొని.
జేబంతా రంగైంది.

"ఇదేం జాతే అమ్మా? పుంజా, పెట్టా?"

నేను చాయ్ వడగడుతున్న.
జవాబు చెప్పెతందుకు బండి చుట్టు జనమే ఉన్నరు.

పంచరు దుకాణం మౌలాలి కాళ్లు చూసిండు.
"పిక్క లావుంది, అసీలు.
రంగు పోనియ్, లోపల డేగ ఉంటది."

జంగయ్య మెడ మీద తోలు పట్టి లేపిండు.
కాళ్లు ముడుచుకుంటే పెట్టంట,
ఏలాడేస్తే పుంజంట.
అది ఒకటి ముడిచింది, ఒకటి జాపింది.

మా అత్త బుగ్గమ్మ సూదికి దారమెక్కించి
దాని నెత్తి మీద పట్టింది.
గుండ్రంగ తిరగాలె, లేకుంటే అటిటు ఊగాలె.
హైవే మీద లారీ పోయింది,
సూది ఉత్తగ వణికింది.
"నీ మొగడు కడుపుల ఉన్నప్పుడు గూడ గిట్లనే చూసిన్రు,
ఆడివిల్లన్నది" అని నవ్వింది అత్త.

గోపాలమిత్ర పరమేశు బండి ఆపకుండనే
"గిరిరాజ" అని అరిచి పోయిండు.
ఆయనకు కండ్లవడ్డయన్నీ గిరిరాజలే.

నేను నోరిప్పలే.

షాద్‌నగర్ హ్యాచరీల ఏడేండ్లు చేసిన.
పుట్టి పూట గాని పిల్లను ఎడమచేత వట్టి
బల్బు కింద రెక్క విప్పాలె.
ఈకలు పొట్టివొకటి పొడుగువొకటి ఉంటే పెట్ట.
అన్నీ ఒక్క తీరుంటే పుంజు.
మూడు సెకండ్లు, అంతే.
పెట్ట డబ్బాలకు,
పుంజు నీలం డ్రమ్ములకు.
గుడ్డు పెట్టది, కండ పట్టది,
దానికేసే దాణా దండుగని సారు లెక్క.
డ్రమ్ములకెళ్లి సప్పుడొస్తుండె,
రేకుల మీద వాన పడ్డట్టు.
మూత పెడితే వాన ఆగుతుండె.

రుషిగాడు కడుపుల ఉన్నప్పుడు
జడ్చర్ల స్కానింగుల బోర్డు చదివిన,
ఇక్కడ ఆడో మగో చెప్పరని.
చదువుకుంట చదువుకుంట
ఎడమచెయ్యి కొంగుల దాచుకున్న.

కొన్ని రాత్రులు ఒకాయన ఆటోల వచ్చి
డ్రమ్ముకింతని ఇచ్చి కొనుకపోతుండె.
రంగునీళ్లల్ల ముంచి సంతలకు తోలుతుండె.
అందుకే, రంగున్నదంటేనే పుంజు.
రెక్క విప్పి చూసే పనే లేదు.
జాతంటరా, తెల్ల లేయరు.

"పుంజైతే దసరాకు కోద్దాం" అన్నది అత్త.
"ఇంకా తెల్వదు" అన్న.
వినాయక చవితికి మల్ల అడిగింది,
"ఇంకా తెల్వదు."
గులాబీ ఈకల కొసలకు జరిగింది,
లోపలికెళ్లి తెలుపు తోసుకొచ్చింది.
నూకలు తిన్నది, బిస్కట్ల పొడి తిన్నది,
మౌలాలి ట్యూబుల మీద రెట్టలేసి తిట్లు తిన్నది.
దసరాకు బజారుల మటన్ తెచ్చుకున్నం.

దీపావళి పోయిన వారానికి
పాత లారీ టైరుల కూసోని లేవనన్నది.
రుషి చెయ్యి పెట్టి కేకేసిండు.
తెల్ల గుడ్డు,
పైన వెంట్రుకంత నెత్తుటి గీత.

మౌలాలి నేను ముందే చెప్పలేదా అన్నడు.
ఏం చెప్పిండో ఆయనకు యాదికి లేదు.
పరమేశు మొదటిసారి బండి ఆపిండు,
"గిరిరాజ గుడ్డు తెల్లగుండది గదా" అని
హెల్మెట్ల గోక్కున్నడు.

మా హ్యాచరీల వందకు రెండు తప్పులు మాఫీ,
మూడోదానికి కూలి కోత.
ఎవల వేళ్లో అలిసిపోయి
ఈ పెట్టను డ్రమ్ములేసినయ్.
నావి కావు,
నేను మానేసి నాలుగేండ్లాయె.

గుడ్డు చేతిల ఇంకా వెచ్చగనే ఉంది.
రోజుకు నాలుగు వేల పిల్లలు,
నెలకు ఇరవయ్యారు దినాలు,
ఏడేండ్లు,
వందకు రెండు.
నోటి లెక్క కుదురుతలేదు.

"అమ్మా, చాయ్!" అన్నడు రుషి.
స్టవ్ మొత్తం పొంగి పారుతుంది.