నాలుగో గడి

పర్లాకిమిడి కోర్టు వీధిలో, జిరాక్సు కొట్టు రేకు కింద
మూడు వందల పన్నెండు ఫారాలు నింపాను నేను.
పైన ఒడియా, కింద ఇంగ్లీషు,
మధ్యలో మనుషులు తెలుగులో ఏడ్చారు.
కొందరు సవరలో.

ఆసుపత్రి కంప్యూటర్లోంచి మా జబ్బులు బైటికెళ్ళి ఏడాదిన్నర.
తాళం పగల్లేదు, కిటికీ ఊచ వంగలేదు.
పోయినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.
ఇలాంటి దొంగతనం మాకు కొత్త.

ముందు ఫోన్లు మొదలయ్యాయి.
గారబంద గవరయ్యకి ఎవరో ఆడపిల్ల, తియ్యటి గొంతు:
"సార్, మీ క్రియాటినిన్ ఆరు దాటింది కదా,
మా దగ్గర మంచి పొడి ఉంది."
"నా ఇంటిదానికే సెప్పలేదు నాను,
ఈ పిల్లకెవులు సెప్పినారు?" అంటూ
ఫోన్ని తిప్పి వెనకవైపు చూశాడట.

కొమ్ముపని అసిరయ్య సంగతి వేరు.
గేదె కొమ్ములోంచి కొంగల్ని తీస్తాడు,
మెడ ఎంత సన్నమంటే వెలుతురు దూరుతుంది.
అతనికి క్షయ తగ్గి రెండేళ్ళు.
ఊరికి మాత్రం నిన్ననే పట్టుకుంది.
బేరగాళ్ళు కొంగని ముట్టుకునే ముందు
చేతిరుమాలు తీస్తున్నారు.

ప్రమీల సబర హాస్టల్లో వంట చేసేది.
రక్తంలో కొడవళ్ళున్నాయని తెలిసి
వంటింట్లో కత్తిపీట ముట్టనివ్వలేదు.

బిరంచి పాఢి వకీలు అందర్నీ ఒక్క తాటి మీదికి తెచ్చాడు.
ఒక్కడికి జరిగితే అది వాడి ఖర్మ,
మూడొందల మందికి జరిగితే కేసు.
బరంపురం నించి కంపెనీ వాళ్ళొచ్చారు,
తప్పు ఒప్పుకోకుండా డబ్బు ఒప్పుకున్నారు.
తలకి రెండువేల నూట నలభై.

ఫారంలో నాలుగో గడి: జబ్బు పేరు.
బయటపడిందని రుజువు కావాలంటే
ఇంకోసారి బయటపెట్టాలి.
అక్కడికొచ్చేసరికి అందరూ గొంతు తగ్గించేవారు.
రేకు మీద వాన. వినపడేది కాదు.
"గట్టిగా చెప్పండి" అనేదాన్ని.
ఎంతమందితో అన్నానో ఆ మాట.

ఒకామె, పేరు రాయను,
పాతపట్నం నించి మహేంద్రతనయ దాటొచ్చింది.
నాలుగో గడి దగ్గర నా చేతిలో పెన్ను తీసుకుంది.
కాసేపు పట్టుకుంది.
మూత పెట్టి ఇచ్చేసింది.
"ఊరకే పోయిన దాన్ని
రెండేలకి నన్నే అమ్మమంతావేటమ్మా" అని,
బస్సు చిల్లర లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

కార్తీకంలో జాబితా అతికించారు, కమిషన్ ఆఫీసు గోడకి.
పేరు, ఊరు, జబ్బు, సొమ్ము.
రూలట.
జనం మూగారు. చదువొచ్చినవాళ్ళు
రానివాళ్ళకి పైకి చదివి పెట్టారు, ఓపిగ్గా,
మా ఊళ్ళో అంత సాయబుద్ధి నేనెప్పుడూ చూళ్ళేదు.
గవరయ్య గొడుగు విప్పి అడ్డం నిలబడ్డాడు.
ఎండా లేదు, వానా లేదు.
ఎంతసేపని నిలబడతాడు, ఆసుపత్రికి వేళయింది.

మర్నాడు పొద్దున్న చూస్తే గోడ దగ్గర ఆవు.
మైదా జిగురు రుచికి
కాగితం పైనించి పీక్కుని నములుతోంది.
వాచ్‌మన్ కర్ర ఎత్తితే అసిరయ్య చెయ్యి పట్టుకున్నాడు.
"తిననీ బాబూ.
ఇన్నాళ్ళకి ఒక్క పేనం
మన గుట్టు కడుపులో దాసుకుంతంది."
నవ్వబోతే దగ్గొచ్చింది.
చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్క అడుగు జరిగారు.

నూట అరవై దాకా తింది ఆవు.
అక్కడికి దానికి చాలు.

నాది రెండువందల మూడు.
ఓ ఆదివారం షట్టరు సగం దించి
నా ఫారం నేనే నింపుకున్నాను.
నాలుగో గడిలో అక్షరాలు
చీమల్లా చిన్నగా రాశాను.
వాళ్ళు అందరితో సమానంగా టైపు చేశారు.