నాలుగు మార్కుల ప్రశ్న

ప్రీ ఫైనల్ ఫిజిక్సు పరీక్షకి ముందురోజు
స్టడీ అవర్ ఎగ్గొట్టి
చీమకుర్తి డంపుల వెనకాల
నీళ్ళు నిండిన పాత క్వారీ అంచున నలుగురం.
నేను, పెంచలమ్మ, ఏసుదానం,
అందరికన్నా పొట్టి షంషీరు.

ఆ గుంతకి నంబరుంది, పేరు లేదు.
గోడలనిండా డ్రిల్లు చారలు,
దువ్వెనతో నిలువునా దువ్వినట్టు.
అడుగున చిలకరెక్క రంగు నీళ్ళు.
"ఇంతేగదా లోతు, రాళ్ళు అగపడతన్నయ్యి,"
అన్నాడు ఏసుదానం.
చొక్కా విప్పి మడతపెట్టాడు కూడా.
దూకేవాడు చొక్కా అంత నీటుగా మడతపెడతాడా?
అప్పుడే అనుమానమేసింది నాకు.

పందెం ఏందంటే ఏమీ లేదు.
పదిహేనేళ్ళప్పుడు ఓడిపోవడానికి
మన దగ్గరుండేది మొహం ఒక్కటే.

ఎవరూ దూకలా.
దూకనివాళ్ళని చూసి నవ్వబోయి
అంచుకి వీపుపెట్టిన షంషీరు
ఒక్క అడుగు వెనక్కేశాడు.
ఆ అడుగు కింద రాయి లేదు, రాతిపొడి.

అరుపు వినపడలా.
చెప్పు నీళ్ళలో పడ్డ చప్పుడు వినపడింది,
చాలాసేపటికి.

మనిషి మాత్రం పదడుగుల కింద
మూరెడు గట్టు మీద
గోడకి చెంప ఆనించి నిలబడున్నాడు.
ఏడవట్లా. పిలిస్తే పలకట్లా.
వాడి కళ్ళముందు నల్లరాయి,
రాతిలో బంగారపు చుక్కలు.
వాటినే లెక్కపెడుతున్నానని తర్వాత చెప్పాడు.
నూటపదకొండు దగ్గర తప్పిపోయి
మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడంట.

భయం గుండెలో ఉంటదంటారు.
నాకు మోకాళ్ళ వెనక, ఆ మెత్తటి చోట ఉంది.
ఏసుదానానికి నోట్లో:
ఆగకుండా మాట్లాడుతున్నాడు,
వాళ్ళ మామ కొన్న టిప్పరు గురించి, దాని మైలేజీ గురించి.
పెంచలమ్మకి ఎక్కడుందో తెలీదు.
అది తన చున్నీ తీసి నా చున్నీకి ముడేస్తోంది.
వాళ్ళమ్మ పొగాకు బేరనీలో
కర్రలకి ఆకు కట్టే ముడి,
లాగేకొద్దీ బిగుసుకునేది.

అవతలి క్వారీలో మొదటి సైరన్ మోగింది.
మూడు మోగితే పేలుస్తారు.
మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకీ తెలిసిన లెక్క.

"భయపడబాక, భయపడబాక" అని
నేను ఎన్నిసార్లు అన్నానో.
పెంచలమ్మ అంచు మీంచి వంగి
"ఒరే, మీ నాయనకి చెప్తా" అంది.
వాడు తలెత్తాడు.
పెద్ద భయం మీదికి
తెలిసిన చిన్న భయాన్ని వదిలింది అది.

రెండో సైరన్‌కి ఉచ్చు వాడి చంకల కిందికి చేరింది.
నేను బోర్లా పడుకున్నా.
నా కాళ్ళమీద ఏసుదానం కూచున్నాడు,
మైలేజీ ఇంకా చెప్తానే ఉన్నాడు.
నేనూ పెంచలమ్మా లాగాం.
అరచేతుల తోలు చున్నీతోపాటు పోయింది.

మూడోది మోగేసరికి
డంపు రాళ్ళ చాటున ఒకరిమీద ఒకరం.
భూమి ఒకసారి ఎగిరి కూచుంది.
అప్పుడు మొదలెట్టాడు షంషీరు ఏడవడం,
చెప్పు పోయిందని.
రంజాన్‌కని కొన్న జత,
ఆగలేక ముందే తొడిగాడంట.

తెల్లారి పరీక్ష హాల్లో
"చేతులకేంది మే?" అంది మేడమ్.
"పడ్డా మేడమ్."
నా వెనక బెంచీలో పెంచలమ్మ కూడా పడిందంట.

ఆరో ప్రశ్న. నాలుగు మార్కులు.
నీటి అడుగు ఉన్న లోతుకన్నా పైకి కనిపించును. కారణమేమి?
వక్రీభవనం అని రాశా.
కాంతి వంగుతుందని రాశా.
పటం గీసి బాణాలు పెట్టా.
ఇంకా సగం పేజీ జాగా మిగిలింది.
ఏదో రాయబోయి
పెన్నుకి మూతపెట్టి పక్కకి చూశా.

కిటికీ దగ్గర షంషీరు
నల్ల బల్ల మీద వేలు ఆనించి
పెదాలు కదుపుతున్నాడు,
ఎంతదాకా వచ్చాడో.