బండి ఒంగిన చోట

రాత్రి రెండున్నరకి పీణ్యా పోవాలంటే
మల్లేశ్వరంలో మా గేటు ముందు
చౌడప్ప ఇండికేటర్ వేసుకుని నిలబడి ఉంటాడు.
ముళబాగిలు మనిషి. మాట తెలుగే,
మధ్యమధ్య కన్నడం అన్నంలో రాయిలా తగులుతుంది.
వాన వెలిసి గంటయింది.
రోడ్డంతా ఒకే నలుపు, ఒకే మెరుపు.
ఏది నీళ్ళో ఏది తారో తెలియదు.

"గుంతలు నీకెట్లా కనబడతాయి?" అన్నాను.
"గుంత కానొస్తాదా మేడం?
ముందర పొయ్యే బండిని చూడాల.
అది యాడ ఒంగితే ఆడ గుంత."

ఆరేళ్ళు కూర్చుని థీసిస్ రాసి
నేను చెప్పగలిగిందీ ఇంతే.

హంస మెడ దగ్గర,
ఏడు వేల కాంతి సంవత్సరాల అవతల,
నీలంగా మండే భారీ నక్షత్రం ఒకటి
అయిదున్నర రోజులకోసారి ఒంగి లేస్తుంది.
పక్కన ఎవరూ లేరు.
ఎవరూ లేని ఆ చోటు
ఇరవై సూర్యుల బరువు తూగుతుంది.

గాలి అడ్డుపడే ఎక్స్ కిరణాల కోసం
గాలి పైకి పంపిన పెట్టె
తొంభై ఎనిమిది నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తుంది.
మా నెత్తిమీద ఉండేది పది నిమిషాలు.
మోసుకొచ్చిన లెక్కంతా ఆ లోపే దించుకోవాలి.
దక్షిణ అట్లాంటిక్ మీద మాత్రం అది కళ్ళు మూసుకుంటుంది,
అక్కడి రేణువుల వడగళ్ళకి జడిసి.
దాని భయం నాకిష్టం.

నా రూమ్మేట్ ఇందుజ
ఫోటో చూపించమని ప్రాణం తీస్తుంది.
ఫోటో లేదే, అంకెలున్నాయి:
ఈ సెకనులో మూడు వేల నూట పన్నెండు,
మరుసటి సెకనులో రెండు వేల తొమ్మిది వందల నాలుగు.
ఇందులో ఆకాశం రొద ఎంతో
పెట్టె సొంత రొద ఎంతో తీసెయ్యాలి.
పాలూ నీళ్ళూ వేరుచేసే పని
హంస మా మీద పడేసి తను మెడ చాచుకుని పడుకుంది.
మిగిలినదైనా బిలం వెలుగు కాదు.
లోపల పడబోతూ ఒకదాన్నొకటి ఒరుసుకుని
కోటి డిగ్రీలకెక్కిన వాయువుది.
గడప దగ్గరి తొక్కిసలాట.
ఇంట్లో ఎవరున్నారో
ఆ తొక్కిసలాటని బట్టే ఊహించాలి.

గొరగుంటెపాళ్య వచ్చింది.
చౌడప్ప కాలు యాక్సిలరేటర్ మీంచి లేచింది.
ముందు బండి లేదు. సిగ్నల్ లేదు.
కిందటేడు వేసిన తారు, పలకలా నున్నగా ఉంది.
ఎడమకి మూరెడు ఒంగి
మళ్ళీ గీత మీదికొచ్చాడు.

మొదట్లో నిద్రమత్తనుకున్నాను.
తరవాత, వృత్తి అలవాటు, లెక్కపెట్టాను.
పద్నాలుగు రాత్రులు.
పద్నాలుగుసార్లూ అదే స్తంభం దగ్గర.
డాష్‌బోర్డు మీద వినాయకుడి పక్కన
స్కూలు టై కట్టుకున్న పాస్‌పోర్టు ఫోటో,
ఎండకి వెలిసి
ముఖం ఉండాల్సిన చోట తెలుపు.
నేను అడగలేదు.

ఈ రాత్రి అతనే అడిగాడు.
"మీ గుంతలో పడింది ఏమయితాది మేడం?"

పడినదాని కబురు బయటికి రాదు చౌడప్పా.
దూరంగా నిలబడి చూసేవాళ్ళకి మాత్రం
అది అంచు దగ్గర నెమ్మదిస్తుంది,
ఎర్రబడుతుంది, మసకబారుతుంది.
పడిపోయింది అనుకునే క్షణం
వాళ్ళకి రాదు.

"యెప్పుటికీనా?"

ఎప్పటికీ.

"ఊఁ" అన్నాడు,
నా లెక్క సరిచూసి టిక్కు పెట్టినట్టు.
గేరు మార్చాడు.

మూడూ నలభై రెండుకి పెట్టె నెత్తిమీదికొచ్చింది.
అంకెలు దిగుతున్నాయి.
ఫ్లాస్కులో టీ, చక్కెర ఎక్కువ.
కిటికీ కింద పార్కింగ్‌లో
చౌడప్ప సీటు వెనక్కి వాల్చుకుని
ఇండికేటర్ ఆపడం మరిచిపోయాడు.
తడి నేల మీద పసుపు వెలుగు
వెలిగి, ఆరి, వెలిగి.

స్క్రీన్ వదిలేసి
దాన్ని లెక్కపెడుతున్నాను.