బేసిన్లో ఒక బుడగ

పద్నాలుగు నెలల తర్వాత
గుంటూరు కొత్తపేట సందు మలుపులో
నా కొట్టు ముందు సైకిలు స్టాండేసింది కమలజ.
మిర్చి యార్డు పక్కనుంచి వచ్చినట్టుంది,
తుమ్ముతూనే నవ్వింది.
"ఊరొచ్చిందని ముక్కు చెప్పింది బాబాయ్."

గంటకి రూపాయి అద్దె సైకిలు మీద
నా దగ్గరే తొక్కడం నేర్చిన పిల్ల.
గంటంపావు తొక్కి, ఆ పావు అబద్ధమాడేది.
ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే మనిషి,
ఆసియా ఆ కొస నుంచి ఈ కొసకి
సముద్రం నుంచి సముద్రానికి తొక్కొచ్చింది.

పేపరోళ్ళు అడిగారంట, ఏం నేర్చుకున్నావని.
ఏదో చెప్పి పంపిందంట.
నేనేం అడగలా.
చక్రం ఊడదీశా.

నాకు మ్యాపు చదవడం రాదు.
ట్యూబు చదవడం వచ్చు.
వాల్వు దగ్గర మొదలెట్టి వేలితో తడుముకుంటూ పోతే
పంతొమ్మిది ప్యాచీలు.
మొదటి నాలుగూ వంకర.
ఆకురాయితో సరిగ్గా రుద్దలేదు,
సొల్యూషన్ ఆరకముందే అంటించేసింది.
"కోపంగా ఉన్నావా ఇక్కడ?" అన్నా.
"ఏడుస్తున్నా" అంది.

ఎనిమిదో దాని దగ్గర చెయ్యి కుదిరింది.
బిళ్ళ గుండ్రంగా, అంచు పల్చగా.
"ఇక్కడ?"
"ఎదురుగాలి. పదకొండు రోజులు.
రోజుకి ముప్పై కిలోమీటర్లు కూడా పడలా.
ఇంక తొందరపడి చేసేదేముందని
ప్యాచీ ఆరేదాకా కూర్చుని చూశా."
ముప్పై ఏళ్ళుగా నా దగ్గర చేరిన కుర్రాళ్ళకి
నేను చెబుతున్నది ఆ మాటే.
ఒక్కడికీ ఎదురుగాలి తగల్లేదు, వినడానికి.

నాలుగు సంచులతో పోయింది, రెండిటితో వచ్చింది.
రెండో నెలలో కుక్కరు ఎవరికో ఇచ్చేసిందంట,
కొండలు మొదలైన చోట రెండో చెప్పుల జత,
ఆ తర్వాత అద్దం.
కందిపొడి డబ్బా మాత్రం ఖాళీగానే తిరిగొచ్చింది.
"ఇదెందుకు మోశావే?"
"వాసనకి బరువుండదుగా."

బ్రేకు కట్టలు చూశా.
ముందువి అరిగిపోయి ఇనుము తేలింది.
"ఎక్కేటప్పుడు భయపడ్డానికి ఊపిరుండదు బాబాయ్.
దిగేటప్పుడే, అంతా."

పదహారో ప్యాచీ తనది కాదు.
బూటు రబ్బరు కోసి, అంచు కాల్చి అతికించిన పని.
నల్లగా, మొరటుగా, ఎవరిదో పెద్ద చెయ్యి.
నీళ్ళ బేసిన్లో ముంచితే
అక్కణ్ణుంచే ఒక బుడగ.
ఆగి
ఆగి
ఇంకొకటి.

గొర్రెలు కాసే ముసలాయనంట.
చెట్టు లేని చోట,
పేరు అడగడానికి కూడా ఇద్దరికీ భాష లేని చోట
తన బూటు మడమ కోశాడంట.
"ఒక కాలు ఎత్తుగా, ఒక కాలు పొట్టిగా
నడిచిపోయాడు బాబాయ్ గొర్రెల వెనకాల.
ఎట్టా చెప్పాలో తెలీక బెల్లు కొట్టా.
ఆయన చీమంతై, చుక్కంతై, లేకుండా పోయేదాకా
కొడుతూనే ఉన్నా."

కొత్త ట్యూబు రెండొందల యాభై.
చేతిలోకి తీసుకుని, మళ్ళీ మేకుకే తగిలించా.
"దీన్ని తియ్యను. మూడు రోజులకోసారి గాలి కొట్టుకో."
తలూపింది.
గాలికి డబ్బులు తీసుకోలా.

ఎనిమిదింటికి షట్టరు దించి
నా సైకిలు ఎక్కబోయి ఆగా.
ఐదేళ్ళుగా దీనికి వెనక బ్రేకు లేదు.
చెప్పు నేలకి రాసి ఆపుకుంటూ,
ఇల్లు దగ్గరేగా, దగ్గరేగా అనుకుంటూ,
ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి ఇంటికి
నేను మాత్రం ఎన్ని వేల కిలోమీటర్లు తొక్కుంటాను?

షట్టరు మళ్ళీ సగం ఎత్తా.
లైటేసి
పానా వెతికా.