ఆరు అంచుల గుడ్డ

నర్సాపురం రేవు. పంటు ఇంకా సఖినేటిపల్లి వైపే ఉంది,
దాని హారన్ ఒక్కటే వశిష్ఠ దాటి వచ్చింది.
మెట్ల మీద పెసింగి సువార్త లేసు అల్లుతోంది,
చూపు నీళ్ళ మీద, లెక్క వేళ్ళ మీద.

నా సంచీలో పదిహేను గుడ్డముక్కలు,
ఒక్కోదానికి ఆరేసి అంచులు.
టైలర్ గఫూర్ కత్తిరించి ఇచ్చాడు, ఎందుకని అడగలేదు.
కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి
ఊళ్ళో ఎవరూ ఎందుకని అడగరు.

"అంచుకి అంచు కలిపి కుట్టాలి సువార్తా.
ఒక్కటీ ఒంటరిగా మిగలకూడదు.
ఏ ముక్కా ఇంకో ముక్కలా ఉండకూడదు."
"ఎన్ని రకాలొస్తాయేంటండి?"
"పదిహేను."
"ముందే తెలిస్తే కుట్టడం దేనికండీ?"
పంటు వచ్చింది. జవాబు చెప్పకుండా ఎక్కేశాను.

రాత్రి గదిలో నేను చేసేది ఇదీ:
ఒక గళ్ళ పట్టిక, నిలువెన్నో అడ్డం అన్ని.
ప్రతి గడిలో చీటీ తీసినట్టు ఏదొస్తే ఆ సంఖ్య,
కర్ణానికి అవతల దాని నీడ.
అదే పట్టికను వరసగా ఆరుసార్లు పేర్చి గుణించి,
కర్ణం మీదున్నవి కూడి, సగటు కడతాను.
ఒంటరి సంఖ్య సగటులో సున్నా అయి కరిగిపోతుంది.
తన నీడతో జతకట్టిందే మిగులుతుంది.
ఆరుగురు, మూడు జతలు,
జతకట్టే దారులు పదిహేను.
తాము గుడ్డ కుడుతున్నామని
ఆ సంఖ్యలకు తెలియదు.

పట్టిక పెద్దదయ్యేకొద్దీ
దాని ఐగెన్ విలువలు గీత మీద సర్దుకుంటాయి,
పంటులో ముఖపరిచయం లేనివాళ్ళలా,
ఒకరి భుజం ఒకరికి తగలకుండా.
దూరం నుంచి చూస్తే ఆ గుంపు ఆకారం
తారు పూసి ఒడ్డున బోర్లించిన నావ వీపు.

వారం తర్వాత సువార్త ముక్కలు మెట్ల మీద పరిచింది.
"ఐదు బూరెలు, పది గారెలు వచ్చాయండి.
గారెలతోనే చచ్చాను, చివరి కుట్టుకి వేలు లోపల ఇరుక్కుపోయింది."
నా కాయితం తీసి చూశాను.
ఐదు. పది.
గళ్ళు వేలకు వేలైతే ఐదు బూరెలే పైకి తేలతాయనీ,
గారెలు అడుక్కి దిగిపోతాయనీ చెప్పాను.
"నూనె కాగకపోతే అంతేనండి" అంది.

లాకులు లెక్కపెట్టి, కాలవలు తీసేసి,
మధ్యనున్న చేలు కలిపితే రెండొస్తుందనీ,
సముద్రాన్ని కూడా ఒక చేనుగా రాసుకోవాలనీ చెప్పాను.
"సముద్రానికి పన్నెవరు కడతారండి?"
ఏజెంటు మోజులకు డబ్బు ఎగ్గొట్టిన వారం అది.
నేను నవ్వలేదు.

అప్పుడు తీసింది, చెంగు మూటలోంచి, పదహారోది.
"ఇది నా గుడ్డేనండి. ఒకంచు మెలిపెట్టి కలిపాను.
దీనికి మంచివైపు లేదు, తిరగవైపు లేదు,
చీమని వదిలితే రెండువైపులా ఒకటే అనుకుంటది.
చివరంచు కలవాలంటే గుడ్డ గుడ్డలోంచి దూరాలి.
దూరదు కదండీ. దారం వదిలేశాను."
"ఇది లెక్కలోకి రాదు సువార్తా."
"చేతికొచ్చింది లెక్కలోకి రాదేంటండీ?"

ఆ రాత్రి కరెంటు పోయింది.
వేలాడుతున్న ఆ దారాన్ని
టార్చి వెలుగులో చాలాసేపు చూశాను.
మెలి పడాలంటే నీడకీ మనిషికీ తేడా ఉండకూడదు.
కరెంటు వచ్చాక ఊహాసంఖ్యలన్నీ తీసేశాను,
కర్ణానికి అటూ ఇటూ అదే సంఖ్య, అచ్చంగా అదే.
ప్రతి జతా ఇప్పుడు తిన్నగానైనా కలవొచ్చు, మెలిపడైనా.
మూడు జతలు, ఎనిమిది రెట్లు.
పదిహేను కాస్తా నూట ఇరవై.
ఇన్నేళ్ళూ ఆ పట్టిక పక్క అరలోనే ఉంది,
నాది కాదని ముట్టుకోలేదు.

తెల్లారి గఫూర్ దుకాణం తలుపు తట్టాను.
ఆరేసి అంచులవి, నూట నాలుగు ముక్కలు.
అతను మెడలోంచి టేపు తీసి,
మొదటిసారి,
ఎందుకని అడిగాడు.