ఎనిమిదో మనిషి

రోజుకు నలభైసార్లు కొండెక్కి దిగుతాను,
ఒక్క అడుగు వెయ్యకుండా.
చియతురాలో తీగకు వేలాడే ఇనప్పెట్టె నా ఉద్యోగం.
తలుపు వేస్తాను, గంట కొడతాను,
కింద క్విరిలా నది
మాంగనీసు కడిగి కడిగి నల్లబడి పోతూ ఉంటుంది.

తలుపు మీద పాతకాలపు ఎర్ర అక్షరాలు:
ఎనిమిది మంది, అటెండరుతో కలిపి.
మేనేజరు అవ్తాందిల్ మాత్రం
ఆరుగురెక్కగానే వేసెయ్యమనేవాడు.
"త్సియాలా ఒక్కతే ఇద్దరి పెట్టు" అనేవాడు, నవ్వకుండా.
నవ్వినా బాగుండేది.

మోకాళ్ళు సుద్దముక్కల్లా అరిగాయంది డాక్టరమ్మ మ్జియా.
మెట్లొద్దు, నడకొద్దు,
ఈత నేర్చుకుంటావా ఈ వయసులో?
మిగిలిన దారి ఇదొక్కటే అని
తన నోటి మీద తనే వేలు పెట్టి చూపించింది.
మాట్లాడొద్దంటోంది కాబోలనుకున్నాను కాసేపు.

అలా మొదలైంది నోరు కట్టుకోవడం.
రొట్టె సగం, తర్వాత సగంలో సగం.
చిక్కుడుగింజలు గిన్నెడు, దోసకాయ, పులిసిన పెరుగు.
చెల్లెలింట్లో జున్ను కారే ఖాచాపురి పొయ్యి దిగేసరికి
నేను బస్సులో ఉండేదాన్ని.
పంచదార డబ్బా పక్కింటి లామారాకి ఇచ్చేశాను.
మర్నాడే వెళ్ళి రెండు చెంచాలు అప్పడిగాను.
ఇవ్వలేదు. మంచి మనిషి.

ఖింకాలి తింటే పైనున్న పిండి ముడిని
పళ్ళెం అంచున వదిలేస్తాం మేము.
ఎవరెన్ని లాగించారో ఆ ముడులే సాక్ష్యం.
మేనల్లుడి పెళ్ళిలో నా పళ్ళెంలో మూడే.
బల్ల ఆ చివర్నించి బావగారు అరిచాడు:
"ఎవరు పోయారే, త్సియాలా?"

చెప్పలేదు నేను.
ఒక చలికాలం ఉండేది.
కరెంటు పోయి పెట్టెలు గాల్లోనే ఆగిపోయినప్పుడు,
రొట్టె కోసం తెల్లవారుజాము మూడింటికి వరస.
అమ్మ తన నంబరు అరచేతిలో రాసుకుని
చెరిగిపోతుందని చెయ్యి కడిగేది కాదు.
ఆ ఏడు ఊరు ఊరంతా చిక్కింది.
ఎవరూ ఎవర్నీ మెచ్చుకోలేదు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు
నేను తిన్నది ఆకలేసి కాదు,
రేపు ఉండదేమోనని.
కోటు అస్తరులో డబ్బు కుట్టి దాచినట్టు
ఆ చలికాలాన్ని కిలోలకు కిలోలు ఒంట్లో దాచాను.
ఇప్పుడు ఒక్కో కుట్టూ విప్పుతున్నాను.

ఆకలితో పేచీ లేదు.
పాత చుట్టం, కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది.
రాత్రి పదకొండింటికి వంటింట్లో దీపం వేసి
డబ్బాలో రొట్టె ఉందని చూసి
ముట్టకుండా దీపం ఆర్పడం, అదీ కష్టం.
ఉంది. రేపూ ఉంటుంది. పడుకో.

పద్నాలుగు నెలలు. ముప్ఫై నాలుగు కిలోలు.
మెడకింద చర్మం ఖాళీ సంచి.
బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త బెజ్జాలు.
మోకాళ్ళు నొప్పే, కాకపోతే చెప్పిన మాట వింటున్నాయి.

మొన్న గురువారం వాన.
ఆరుగురెక్కారు. అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టాను.
బయట గెరాసిమే తాత,
కాలీడ్చుకుంటూ వచ్చి ఎప్పుడూ చివర మిగిలేవాడు,
తనూ అలవాటుగానే వెనక్కి జరిగి
సిగరెట్టు వెతుక్కుంటున్నాడు.
"ఎక్కు" అన్నాను.
నా మొహంకేసి చూశాడు, తర్వాత ఎర్ర అక్షరాలకేసి.
"ఎక్కవయ్యా, తడుస్తున్నావు."

పెట్టె కొంచెం కుంగింది, ఊగింది, నిలబడింది.
గంట కొట్టాను.
లోయ నడుమ ఆయన జేబులోంచి
పేపర్లో చుట్టిన మొక్కజొన్న రొట్టె తీశాడు, ఇంకా వెచ్చగానే ఉంది,
విరిచి పెద్దముక్క నావైపు చాపాడు.

బొటనవేలంత తుంచుకున్నాను.
కొండ వచ్చేదాకా
దాన్నే నములుతూ నిలబడ్డాను.